సైకిలు బ్రేకులు - ఒక తులనాత్మక పరిశీలన

తెలుగు పాఠం చెప్పుకొనేవారికి సైకిలు బ్రేకులతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు ముందుగా సమాధానం చెప్పుకోవలసిన బాధ్యత మాపై ఉన్నది.

గత వర్షాకాలంలో మన కళాశాల విద్యార్థి ఒకడు ఉదయం తరగతికి వస్తూ, వంతెన దిగే వాలులో, ఆగి ఉన్న ఎద్దుబండిని వెనుక నుండి ఢీకొన్నాడు. భుజం దగ్గరి ఎముక విరిగి ఆరు వారాలు తరగతులకు దూరమైనాడు. అతనిని పలకరించి తిరిగి వస్తూ, అతని సైకిలును బాగుచేయుటకు ఇచ్చిన దుకాణం వద్ద మేము ఆగినాము. ముందు చక్రానికి బ్రేకు లేదు. కడ్డీతో సహా ఊడదీసి ఉన్నది. "ఇదేమి మిస్త్రీ గారూ?" అని అడిగినాము. ఆ పెద్దాయన తలెత్తకుండానే, "మేం తీయలేదు సార్. పిల్లలే వచ్చి తీసేయమంటారు. ముందు బ్రేకు పడితే తలకిందులుగా పడేస్తుందని వాళ్ళకు పెద్దవాళ్ళు చెప్తారు" అన్నారు.

ఆ పెద్దవాళ్ళలో మేమును ఒకరము. మా చిన్నతనంలో మా తండ్రిగారు మాకు చెప్పిన మాట అది. దానిని మేము పరీక్షింపకయే నమ్మినాము. సైకిలుపై వచ్చే విద్యార్థులకు ఎన్నోసార్లు అదే మాట చెప్పినాము కూడ. ఆ ఎద్దుబండిని గుద్దుకొన్న విద్యార్థి మా మాట వినే ఆ బ్రేకు తీయించినాడో లేదో మేము అతనిని అడుగలేదు. అడుగుటకు ధైర్యం చాలలేదు. తప్పు చెప్పిన నోటితోనే ఒప్పు చెప్పవలెనన్న తలంపుతో ఈ విషయాన్ని చదివినాము. భౌతిక శాస్త్రం బోధించే మా సహోద్యోగులను కూర్చుండబెట్టి లెక్కలు వేయించుకొన్నాము. ఆ చదువు ఫలితమే ఈ వ్యాసము.

బ్రేకు చేసే పని ఏమిటి?

కదిలే వస్తువుకు గతిజ శక్తి ఉంటుంది. సైకిలును ఆపుట అంటే ఆ శక్తిని నాశనం చేయుట కాదు. శక్తికి నాశనం లేదు. దానిని ఘర్షణ ద్వారా వేడిగా మార్చుట మాత్రమే బ్రేకు చేసే పని. సైకిలు, మనిషి కలిసి 80 కిలోగ్రాములనుకొందాము. గంటకు 18 కిలోమీటర్ల వేగం, అంటే సెకనుకు 5 మీటర్లు. అప్పుడు ఉండే గతిజ శక్తి 1,000 జౌళ్ళు. వేగం రెట్టింపై గంటకు 36 కిలోమీటర్లు అయితే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలై 4,000 జౌళ్ళు అవుతుంది. వేగానికి వర్గం ఉన్నది కనుక "కొంచెం వేగమే కదా" అనే మాట బ్రేకుల దగ్గర చెల్లదు. అదే విధంగా వెనుక క్యారియరుపై మిత్రుని ఎక్కించుకొని మొత్తం బరువు 140 కిలోగ్రాములైతే, 18 కిలోమీటర్ల వేగంలోనే ఆపవలసిన శక్తి 1,750 జౌళ్ళవుతుంది. బండి మారలేదు, బ్రేకు మారలేదు, దాని పని మాత్రం ముప్పాతిక వంతు పెరిగింది.

వాలులో దిగేటప్పుడు మరొక లెక్క కలదు. 80 కిలోగ్రాముల బరువు 100 మీటర్ల ఎత్తు నుండి, వేగం పెరుగకుండ నిదానంగా దిగితే, దాదాపు 78,400 జౌళ్ళ శక్తి వేడిగా మారవలసి ఉంటుంది. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుండి దాదాపు 49 డిగ్రీల వరకు కాచుటకు చాలిన వేడి ఇది. నిదానంగా దిగేటప్పుడు గాలి ఆపేది స్వల్పము కనుక ఈ వేడిలో అధిక భాగం బ్రేకులోనే పుడుతుంది. ఘాట్ రోడ్డుపై బ్రేకు రబ్బరు మాడిన వాసన రావటానికి కారణం ఇదే.

కావున ఏ బ్రేకునైనను మనము నాలుగు ప్రశ్నలతో పరీక్షింపవలెను. ఒకటి, చేతి బలాన్ని ఎంతగా పెంచి చక్రానికి అందిస్తుంది? రెండు, వానలో దాని పట్టు నిలుస్తుందా? మూడు, పుట్టిన వేడిని ఎక్కడికి పంపుతుంది? నాలుగు, చెడిపోతే మన ఊరి దుకాణంలో బాగుపడుతుందా? ఈ నాలుగు ప్రశ్నలను చేతిలో పట్టుకొని ఒక్కొక్క రకాన్ని చూద్దాము.

తొలినాటి చెంచా బ్రేకు

1870 దశకంలో ఇంగ్లండులో ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున, వెనుక చక్రం చిన్నదిగా ఉండే సైకిళ్ళు ప్రచారంలోకి వచ్చినవి. వాటికి పెట్టిన బ్రేకు చెంచా ఆకారపు లోహపు ముక్క. పిడిని నొక్కితే అది పైనుండి టైరు మీద ఒత్తుకొనేది. ఆ సైకిలుపై కూర్చొనే మనిషి దాదాపు ముందు చక్రపు ఇరుసుపైనే, చాలా ఎత్తున ఉండేవాడు. ముందు చక్రాన్ని గట్టిగా ఆపితే బండితో సహా తలకిందులగుట అప్పటివారికి నిత్యానుభవము. "ముందు బ్రేకు పడవేస్తుంది" అనే భయం ఆ బండి విషయంలో న్యాయమైనదే.

1885లో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలుతో ఆకారం మారిపోయింది. రెండు చక్రాలు దాదాపు సమానమైనవి. కూర్చొనే చోటు రెంటి నడుమకు, క్రిందికి దిగింది. గొలుసు వెనుక చక్రాన్ని త్రిప్పసాగింది. నేడు మనము ఎక్కే సైకిలు ఆ వంశంలోనిదే. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చిన తరువాత, టైరును అరగదీసే చెంచా బ్రేకుకు కాలం చెల్లింది. రాపిడి టైరు నుండి రిమ్ముకు మారింది.

కడ్డీ బ్రేకు

మన దేశంలో పాలవారి నుండి ఉపాధ్యాయుల వరకు ఎక్కిన నల్లని పెద్ద సైకిలుకు ఉండేది కడ్డీ బ్రేకు. హ్యాండిలు క్రింద ఉన్న పిడిని పైకి లాగితే ఉక్కు కడ్డీలు, మధ్యలో ఉన్న కీళ్ళు కదిలి, చక్రాన్ని కౌగిలించుకొని ఉన్న గుర్రపు రికాబు వంటి చట్రాన్ని పైకి లాగుతాయి. దానికి ఉన్న రెండు రబ్బర్లు రిమ్ము ప్రక్కలను గాక, ఇరుసు వైపు చూచే లోపలి అంచును ఒత్తుతాయి. ఈ తేడాను గమనింపవలెను.

దీని గుణాలు తక్కువవి కావు. తెగిపోయే తీగ లేదు. కడ్డీ కంటికి కనబడుతూ ఉంటుంది, వంగితే సుత్తితో సరిచేయవచ్చును. రబ్బరు ఏ పల్లెలోనైనా దొరుకుతుంది. చక్రం ప్రక్కలకు కొద్దిగా ఊగినా, రబ్బరు లోపలి అంచును పడుతుంది గనుక పెద్దగా నష్టం లేదు. దోషాలు కూడ ఉన్నవి. చేతి బలాన్ని ఇది అంతగా పెంచదు. కీళ్ళు వదులైతే పిడి ప్రయాణమంతా ఆ వదులుకే సరిపోతుంది. గొలుసు బిగించుటకు వెనుక చక్రాన్ని వెనుకకు జరిపితే రిమ్ము స్థానం మారి బ్రేకు కూడ మరల సరిచేసుకోవలసి వస్తుంది. ఈ పని మరచిపోవుట వలన మన సైకిళ్ళలో సగం వెనుక బ్రేకులు పేరుకు మాత్రమే ఉంటున్నవని మిస్త్రీ గారు మాతో అన్నారు.

అన్నిటికంటె పెద్ద దోషం వానలో బయటపడుతుంది. మెరుగు పెట్టిన ఉక్కు రిమ్ము తడిస్తే రబ్బరుకు, రిమ్ముకు నడుమ నీటి పొర ఏర్పడుతుంది. పొడిగా ఉన్నప్పటి పట్టులో చాలా స్వల్ప భాగం మాత్రమే మిగులుతుంది. రబ్బరు ఆ నీటిని తుడిచివేసే వరకు చక్రం తిరుగుతూనే ఉంటుంది. మన పెద్ద సైకిలు చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది. నీరు తుడుచుకొనుటకు పది చుట్లు పట్టినదనుకొంటే 22 మీటర్ల దూరం బ్రేకు లేనట్లే గడచిపోతుంది. కావున వానలో ఆగవలసిన చోటుకు చాలా ముందే బ్రేకును తేలికగా తాకించి రిమ్మును తుడిచి ఉంచుకొనవలెను.

తీగ బ్రేకు

ఐర్లండులో పుట్టిన ఎర్నెస్ట్ బౌడెన్ పేర 1896లో హక్కు పొందిన తీగ, బ్రేకుల చరిత్రను మార్చివేసింది. బయట చుట్టలు చుట్టిన గొట్టం, లోపల జారే ఉక్కు తీగ: ఇంతే దాని నిర్మాణము. లోపలి తీగను లాగినప్పుడు బయటి గొట్టం అంతే బలంతో ఎదురు నెట్టుతుంది. అందువలన బలాన్ని ఎటు వంచితే అటు పంపవచ్చును. కడ్డీకి ఈ సౌకర్యం లేదు.

తీగతో పనిచేసే రిమ్ము బ్రేకు పటకారు వంటిది. రెండు చేతులు రిమ్మును రెండు ప్రక్కల నుండి నొక్కుతాయి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును ఉర్దూ మాట్లాడే మిస్త్రీలు చిమ్టా అంటారు. చిమ్టా అంటే పటకారే. ఆ పటకారు పైన ఈ రెండవ పటకారు కూర్చున్నదన్నమాట. దీనిలో ప్రధానంగా మూడు రకాలు కలవు.

మొదటిది ప్రక్క లాగుడు బ్రేకు. రెండు చేతులకు ఒకే కీలు, తీగ ఒక ప్రక్క నుండి లాగుతుంది. తేలికయినది, చౌకయినది. సన్నని టైర్లకు తగినది. టైరు లావైతే చేతులు పొడవు కావలెను, పొడవైతే అవి వంగి పట్టు సడలుతుంది. చేతులకు రెండు కీళ్ళు అమర్చి ఈ లోపాన్ని చాలవరకు తగ్గించినారు.

రెండవది క్యాంటిలీవరు. ఫోర్కుకే రెండు ప్రక్కల కీలు మొలలు అతికించి, ఒక్కొక్క చేతిని ఒక్కొక్క మొలపై నిలిపి, నడుమ తీగతో పైకి లాగుతారు. లావు టైరుకు, బురదకు చోటుంటుంది. సరిచేయుటకు మాత్రం ఓపిక కావలెను.

మూడవది వి-బ్రేకు. జపాను దేశపు షిమానో సంస్థ 1996లో దీనిని ప్రచారంలోకి తెచ్చింది. చేతులు పొడవుగా నిటారుగా నిలిచి ఉంటాయి. కీలు నుండి తీగ వరకు దూరం, కీలు నుండి రబ్బరు వరకు ఉన్న దూరానికి దాదాపు నాలుగింతలు ఉన్నదనుకొంటే, తులాదండ సూత్రం ప్రకారం తీగ బలం అక్కడ నాలుగింతలవుతుంది. ఐతే బలంలో లాభం పొందినవాడు దూరంలో నష్టపోవలెను. ఆ చేతులు కదలుటకు తీగను ఎక్కువ దూరం లాగే ప్రత్యేకమైన పిడి కావలెను. ఒక రకపు పిడిని వేరొక రకపు బ్రేకుకు తగిలించుట మన దుకాణాలలో సాధారణము. ఎక్కువ తీగ లాగే పిడిని ప్రక్క లాగుడు బ్రేకుకు పెడితే ఎంత నొక్కినా బలం చాలదు. తక్కువ లాగే పిడిని వి-బ్రేకుకు పెడితే రబ్బరు రిమ్మును చేరకముందే పిడి హ్యాండిలును తాకవచ్చును, లేదా చేరిన వెంటనే చక్రం బిగుసుకొనవచ్చును. పిడి, బ్రేకు ఒకే జాతివి కావలెనన్నది మరువరాని నియమము.

తీగ బ్రేకులకు అల్యూమినియం రిమ్ము జతపడినప్పుడు వానలో పట్టు ఉక్కు రిమ్ముపై కంటె ఎంతో మెరుగు. కాని ఆ రిమ్ము మెత్తనిది. ఏండ్ల తరబడి రాపిడితో ప్రక్క గోడ పలచనవుతుంది. రిమ్ము ప్రక్క లోనికి గుంట పడినట్లు కనబడితే దానిని మార్చివేయవలెను.

వెనుకకు తొక్కే బ్రేకు

పెడలును వెనుకకు తొక్కితే ఆగే సైకిళ్ళు మన దేశంలో అరుదు. జర్మనీ, నెదర్లాండ్స్ దేశాలలో అవి ఇంటింటి వస్తువులు. అమెరికాలో న్యూ డిపార్చర్ సంస్థ 1898లో, జర్మనీలో ఫిక్టెల్-జాక్స్ సంస్థ టార్పెడో పేరుతో 1903లో ఈ హబ్బులను ప్రసిద్ధికి తెచ్చినవి. వెనుకకు తొక్కగానే హబ్బు లోపలి శంకువు జరిగి లోహపు దిమ్మెలను వెడల్పు చేస్తుంది. అవి హబ్బు లోపలి గోడకు ఒరుసుకొంటాయి.

పని అంతా మూసిన పెట్టెలో జరుగుతుంది గనుక వాన, బురద దానిని అంటవు. కాలి బలం చేతి బలం కంటె ఎక్కువ. చిన్నపిల్లల చేతివేళ్ళకు శ్రమ లేదు. కాని ఇది వెనుక చక్రాన్ని మాత్రమే ఆపుతుంది. గొలుసు ఊడితే బ్రేకు కూడ ఊడినట్లే. పైగా వేడి పోవుటకు దారి లేదు. కాలిఫోర్నియాలోని మారిన్ ప్రాంతపు యువకులు 1976లో కొండ వాలులో పాత సైకిళ్ళతో పందేలు ఆరంభించినారు. ఒక్కసారి కొండ దిగేసరికి హబ్బులోని గ్రీజు మాడి పొగయ్యేది. ప్రతిసారి మరల గ్రీజు కూరవలసి వచ్చేది. ఆ కొండ దారికి "మళ్ళీ కూరుట" అనే అర్థం వచ్చే రీప్యాక్ అనే పేరే స్థిరపడింది. నేటి కొండ సైకిళ్ళ చరిత్రలో ఆ దారికి ముఖ్య స్థానమున్నది.

డ్రమ్ము బ్రేకు

స్కూటరు చక్రంలో మనము చూచే బ్రేకుకు ఇది తమ్ముని వంటిది. హబ్బులోని డ్రమ్ము లోపల రెండు బ్రేకు షూలు. తీగ లాగితే అవి విచ్చుకొని డ్రమ్ము గోడను ఒరుస్తాయి. ఇంగ్లండులోని స్టర్మీ-ఆర్చర్ సంస్థ 1930 దశకం నుండి వీటిని సైకిళ్ళకు తయారుచేసింది. వానలోను, ఎండలోను ఒకే తీరుగా పనిచేయుట, ఏండ్ల తరబడి సంరక్షణ అడుగకపోవుట దీని గొప్పతనము. బరువు ఎక్కువ, చక్రం విప్పుట శ్రమ, సుదీర్ఘమైన వాలులో వేడెక్కి పట్టు తగ్గుట దీని లోపాలు. డ్రమ్ము వెంట ఉండే ఇనుప చేయిని ఫ్రేముకు బోల్టుతో బిగింపవలెను. ఆ బోల్టు లేకపోతే బ్రేకు వేసినప్పుడు లోపలి పళ్ళెమంతా తిరిగి తీగను త్రెంచివేస్తుంది. పంచరు వేయించుకొన్న తరువాత ఆ బోల్టును చూచుకొనుట మరువరాదు.

డిస్కు బ్రేకు

ఈనాటి విద్యార్థులకు దీనిపై మోజు ఎక్కువ. హబ్బుకు బిగించిన పలుచని ఉక్కు పళ్ళెమును రెండు దిమ్మెలు ఇరువైపుల నుండి పట్టుకొంటాయి. 1990 దశకంలో కొండ సైకిళ్ళపై ఇది వాడుకలోకి వచ్చింది. అంతర్జాతీయ సైకిలు సంఘం రోడ్డు పందేలలో దీనిని 2018లో పూర్తిగా అనుమతించింది.

ఇక్కడ ఒక లెక్క చూడదగినది. నేలకు తాకేచోట చక్రానికి 200 న్యూటన్ల ఆపుబలం కావలెననుకొందాము. పెద్ద సైకిలు చక్రపు వ్యాసార్థం దాదాపు 350 మిల్లీమీటర్లు. రబ్బరు రిమ్మును 310 మిల్లీమీటర్ల వ్యాసార్థంలో పడితే, అక్కడ కావలసిన ఘర్షణ దాదాపు 225 న్యూటన్లు. 160 మిల్లీమీటర్ల వ్యాసం గల డిస్కుపై దిమ్మె పట్టుకొనేది దాదాపు 75 మిల్లీమీటర్ల వ్యాసార్థంలో. అక్కడ కావలసినది దాదాపు 930 న్యూటన్లు. అంటే నాలుగింతలకు మించినది. రిమ్ము బ్రేకు అనగా స్వభావసిద్ధంగా ఒక పెద్ద డిస్కు. డిస్కుకు చక్రపు నడుమ ఉండుటచే ఒక ప్రతికూలత ఉన్నది. దానిని అధిగమించుటకు అది గట్టిగా నొక్కవలెను.

ఆ గట్టి నొక్కుడు రెండు విధాలుగా లభిస్తుంది. చౌకరకం డిస్కులో మామూలు తీగయే పనిచేస్తుంది. మేలురకంలో పాస్కల్ నియమం పనిచేస్తుంది. పిడి వద్ద చిన్న ముషలకం, చక్రం వద్ద పెద్ద ముషలకం, నడుమ నూనె. పీడనం అంతటా సమానము గనుక వైశాల్యం ఎంత పెద్దదైతే బలం అంత పెరుగుతుంది. తీగలోని రాపిడి దీనిలో లేదు. డిస్కు నేలకు ఎత్తున, బురదకు దూరంగా ఉంటుంది. దానిపై రంధ్రాలు నీటిని విదుల్చుకొంటాయి. అందుచేత వానలో దాని పట్టు నమ్మదగినది. రిమ్ము వేడెక్కదు గనుక దీర్ఘమైన వాలులో ట్యూబు పగిలే భయం లేదు. రిమ్ము కొద్దిగా వంకరపోయినా బ్రేకుకు ఇబ్బంది లేదు.

కాని నాలుగవ ప్రశ్నను మరువరాదు. డిస్కుపై గొలుసు నూనె ఒక చుక్క పడితే దిమ్మెలు పాడవుతాయి. నూనెతో పనిచేసే బ్రేకులో గాలి చేరితే పిడి మెత్తబడి హ్యాండిలును తాకుతుంది. ఆ గాలిని తీసే పనిముట్లు ప్రతి దుకాణంలో ఉండవు. పేరుకు డిస్కు, లోపల నాసిరకం తీగ, నాసిరకం దిమ్మె ఉన్న సైకిలు కంటె, చక్కగా సరిచేసిన వి-బ్రేకు సైకిలు మేలని మా అభిప్రాయము.

అసలు ప్రశ్న: ముందా, వెనుకా?

బ్రేకు ఏ జాతిదైనను అది ఏ చక్రానికి ఉన్నదన్నది అంతకంటె పెద్ద విషయము. ఇక్కడనే మా పొరపాటు ఉన్నది.

సైకిలు వేగం తగ్గేటప్పుడు మన శరీరం ముందుకు తూలుతుంది. బరువు వెనుక చక్రం నుండి ముందు చక్రానికి మారుతుంది. వెనుక చక్రంపై బరువు తగ్గినకొద్దీ దానికి నేలపై పట్టు తగ్గి, అది ఆగదు, జారుతుంది. కావున వెనుక బ్రేకు ఎంత గట్టిదైనను దాని ప్రయోజనానికి హద్దున్నది. పొడిరోడ్డుపై వెనుక బ్రేకు ఒక్కటే వేస్తే లభించే ఋణత్వరణం సుమారు సెకనుకు సెకనుకు 2.5 మీటర్లు, అంటే గురుత్వ త్వరణంలో పాతిక వంతు. ముందు బ్రేకు చక్కగా వాడినప్పుడు దాదాపు సగం వంతు, అంటే 5 మీటర్లు లభిస్తుంది. మనిషి గరిమనాభి ముందు చక్రపు తాకుడు చోటుకు ఎంత వెనుక, నేలకు ఎంత ఎత్తున ఉన్నదన్న నిష్పత్తి ఈ రెండవ హద్దును నిర్ణయిస్తుంది. ఆ హద్దు దాటితేనే వెనుక చక్రం లేస్తుంది. 1870 దశకపు పెద్ద చక్రపు బండికి ఆ హద్దు చాలా తక్కువ. మన సైకిలుకు అది వెనుక బ్రేకు హద్దుకు రెండింతలు.

ఈ లెక్కను వంతెన వాలుకు అన్వయించుకొందాము. వాలు ప్రభావాన్ని ప్రక్కన పెట్టి, గంటకు 27 కిలోమీటర్ల వేగం, అంటే సెకనుకు 7.5 మీటర్లనుకొందాము. వెనుక బ్రేకు ఒక్కటే ఉంటే ఆగుటకు 11 మీటర్లకు పైగా కావలెను. ముందు బ్రేకు కూడ ఉంటే 6 మీటర్లలోపే ఆగవచ్చును. ఎద్దుబండిని చూచి చేయి పిడిని అందుకొనేలోగా గడచే దూరం రెంటికీ సమానమే. మిగిలిన ఆ 5 మీటర్లే ఒక ఎముకకు, ఒక విద్యార్థి ఆరు వారాల చదువుకు వెల. రోడ్డు తడిగా ఉంటే ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి.

ఐతే ముందు బ్రేకు వాడకం నేర్వవలసిన విద్య. ఒక్కసారిగా బిగింపరాదు, వేళ్ళతో క్రమంగా ఒత్తిడి పెంచవలెను. మోచేతులను బిగబట్టి శరీరాన్ని కొంచెం వెనుకకు నెట్టవలెను. రెండు బ్రేకులు కలిపి వేస్తూ, వెనుక చక్రం జారుట తెలిసిన వెంటనే ముందు బ్రేకును కొద్దిగా సడలింపవలెను. ఇసుకపై, బురదపై, మలుపులో ముందు బ్రేకును గట్టిగా వేయరాదు. మలుపుకు ముందే, తిన్నగా పోతుండగానే వేగం తగ్గించుకొనవలెను. మన దేశపు సైకిళ్ళలో సాధారణంగా కుడిచేతి పిడి ముందు చక్రానిది. కొత్త సైకిలు ఎక్కినప్పుడు అది ఏ చేతిదో మొదట చూచుకొనవలెను. మన ఆటస్థలంలో మెల్లగా పోతూ పదిసార్లు అభ్యాసం చేస్తే చేతికి ఆ తెలివి వస్తుంది.

ఏది ఎవరికి?

నిత్యం కళాశాలకు, సమతల మార్గంలో వచ్చే విద్యార్థికి కడ్డీ బ్రేకు చాలును; రెండు చక్రాలకూ ఉండవలెను, కీళ్ళు బిగువుగా ఉండవలెను, వానలో వేగం సగానికి తగ్గవలెను. కొత్తగా కొనదలచినవారు అల్యూమినియం రిమ్ముతో తీగ బ్రేకు ఉన్న సైకిలు చూచుట మేలు. ఘాట్ రోడ్లపై తిరిగేవారికి మేలైన డిస్కు తగినది. వాన ఎక్కువగా ఉండే చోట, చేతిపని తక్కువగా కోరేవారికి డ్రమ్ము మంచిది. ఒక జాతి ఉత్తమము, ఒక జాతి అధమము అనుట కంటె, సరిచేసి ఉన్న బ్రేకు ఉత్తమము, సరిచేయని బ్రేకు అధమము అనుట నిజమునకు దగ్గర.

ఇంటి నుండి బయలుదేరే ముందు నిమిషంలో చేయదగిన పరీక్ష ఇది. సైకిలు ప్రక్కన నిలబడి ముందు బ్రేకు పట్టి ముందుకు నెట్టవలెను. ముందు చక్రం కదలరాదు, వెనుక చక్రం లేవవలెను. వెనుక బ్రేకు పట్టి నెట్టితే వెనుక చక్రం ఈడ్వబడవలెనే గాని తిరుగరాదు. ఏ పిడి కూడ హ్యాండిలును తాకరాదు. పిడి దగ్గర తీగ పోగులు ఒక్కటి తెగినా తీగ మార్చవలెను. రబ్బరు కూర్చొనే లోహపు తొడుగుకు ఒక కొన మూసి, ఒక కొన తెరచి ఉంటుంది. రిమ్ము ఏ దిక్కుకు పోతున్నదో ఆ దిక్కున మూసిన కొన ఉండవలెను. తారుమారైతే బ్రేకు వేసిన క్షణంలోనే రబ్బరు జారి ఊడిపోతుంది. ఈ చిన్న విషయం తెలియక పెద్ద ప్రమాదాలు జరుగగలవు.

కళాశాల సంఘానికి విన్నపము

మేము కోరేది పెద్ద ఖర్చు కాదు. సైకిలు స్టాండు వద్ద ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు, ఒక నూనె సీసా, కొన్ని జతల బ్రేకు రబ్బర్లు ఉంచవలెను. వానలు మొదలగుటకు ముందు ఒకరోజు, సంక్రాంతి సెలవుల తరువాత ఒకరోజు, మిస్త్రీ గారిని పిలిపించి ప్రతి సైకిలును పరీక్షింపజేయవలెను. రెండు బ్రేకులు లేని సైకిలును స్టాండులోకి రానివ్వవచ్చును, కాని బాగుచేయకుండ బయటకు పోనివ్వరాదు. మిస్త్రీ గారు తమ శ్రమకు ఆ రెండు రోజులూ ఏమీ తీసుకోనన్నారు. మేము ఒప్పుకొనలేదు, ఆయన పనికి తగిన ప్రతిఫలం సంఘమే ఇవ్వవలెనని మా మనవి.

ఆ విద్యార్థి ఇప్పుడు మరల కళాశాలకు వస్తున్నాడు. అతని సైకిలుకు ముందు బ్రేకు మరల అమర్చబడినది. ఒకనాటి సాయంకాలం మేమే అతనిని ఆటస్థలానికి తీసుకొనిపోయి, మేము ఇంతకాలం తప్పు చెప్పినామని చెప్పి, రెండు బ్రేకులు కలిపి ఎట్లు వేయవలెనో ఇద్దరము కలిసి నేర్చుకొన్నాము. మొదటిసారి బ్రేకు వేసినప్పుడు అతని చేతులు వణికినవి. మావి కూడ వణికినవి. పదవసారికి ఇద్దరి చేతులూ కుదుటపడినవి. పాఠకులు కూడ తమ సైకిలు దగ్గరకు పోయి ముందు బ్రేకు ఉన్నదో లేదో ఈ రోజే చూచుకొందురు గాక.